పీసీఆర్ నెగెటివ్ అంటే జబ్బు లేనట్టేనా?

భీమవరం నుంచి నెల్లూరు దాకా రొయ్యల చెరువులున్న ఊళ్లలో పీసీఆర్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. మిగతా దేశం కోవిడ్ పుణ్యమా అని నేర్చుకున్న ఆ మూడక్షరాలు అక్కడి రైతుల నోట్లో అంతకు చాలా ఏళ్ల ముందునుంచే నలుగుతున్నాయి. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీ వాళ్లు ఆ పిల్లల్ని, అంటే సీడ్‌ని, అమ్మేటప్పుడు "పీసీఆర్ నెగెటివ్ అండి" అని కాగితం చేతిలో పెడతారు. నలభై యాభై రోజులయ్యాక రొయ్య ఎదగదు, మేత ఎంత తిన్నాయో చూడటానికి చెరువులో దించే చెక్ ట్రేలో తెల్లటి పేడ తాళ్లు కనిపిస్తాయి. ఇంకో ల్యాబుకి పంపితే పాజిటివ్ అని వస్తుంది. ఇక అక్కణ్నుంచి హేచరీ వాడు మోసం చేశాడని ఒకరు, ల్యాబు వాడు డబ్బులు తిన్నాడని ఇంకొకరు. మోసాలు లేవని అనను. కానీ చాలాసార్లు రెండు కాగితాలూ నిజమే చెప్పి ఉండొచ్చు. పీసీఆర్ మనం అడిగిన ప్రశ్నకి మాత్రమే జవాబిస్తుంది, అదీ మనం ట్యూబులో వేసిన ముక్క గురించే. ఆ ప్రశ్న ఏమిటో, ఆ ముక్క ఎక్కణ్నుంచి తీసిందో తెలియకుండా జవాబు ఒక్కటే చదివితే చిక్కే.

అసలు రొయ్యల విషయంలో ఈ పరీక్ష మీద ఇంతగా ఆధారపడాల్సి రావడానికి కారణం రొయ్య శరీరంలోనే ఉంది. గేదెకి బ్రూసెల్లోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు ఉందేమో చూడాలంటే కాస్త రక్తమో పాలో చాలు. ఆ బ్యాక్టీరియా మీద గేదె ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు వాటిలో దొరుకుతాయి. క్రిమి ఏ మూల దాక్కున్నా అది వచ్చిన జాడ బయటపడుతుంది. రొయ్యలో యాంటీబాడీలు తయారు కావు. వెన్నెముక లేని జీవులకి ఆ ఏర్పాటే లేదు. పోనీ వైరస్‌ని ల్యాబులో పెంచి చూద్దామంటే, కోళ్ల వైరస్‌లని గుడ్లలోనూ పశువుల వైరస్‌లని కణాల వరసల్లోనూ (ల్యాబులో ఎడతెగకుండా పెంచే కణాల్లో) పెంచినట్టు పెంచడానికి రొయ్యల నుంచి నమ్మకంగా బతికే కణాల వరస చాలాకాలం ఎవరికీ కుదరలేదు. ఇక మిగిలింది మైక్రోస్కోపు. కణజాలాన్ని పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి, కణాల్లో మార్పులు చూడాలి. దానికి రోజులు పడుతుంది, చూసేవారికి అనుభవం కావాలి. పైగా జబ్బు ముదిరాకే ఆ మార్పులు స్పష్టంగా కనిపిస్తాయి.

ముదిరేదాకా ఆగే వీలు లేదని 1990ల మధ్యలో తెలిసొచ్చింది. చైనా, తైవాన్ వైపు మొదలైన తెల్లమచ్చ వైరస్ 1994లో మన తూర్పు తీరానికి చేరింది. అప్పుడు అందరూ టైగర్ రొయ్య వేసేవాళ్లు. లక్షణాలు కనిపించిన మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం ఖాళీ అయ్యేది. హేచరీలకి కావాల్సిన తల్లి రొయ్యలని, అంటే బ్రూడర్లని, సముద్రంలో పట్టి తెచ్చేవాళ్లు. చూడటానికి నవనవలాడుతూ ఉండే బ్రూడర్ ఒంట్లో కూడా వైరస్ కొద్ది మోతాదులో ఉండొచ్చు. ఒక్క బ్రూడర్ పెట్టే లక్షల గుడ్లతో పాటు అదీ చెరువులకి చేరిపోతుంది. ఏ లక్షణమూ లేని తల్లిలో కాసిని వైరస్ కణాలని పట్టుకునే పరీక్ష కావాలి. తైవాన్‌లో చు-ఫాంగ్ లో అనే శాస్త్రవేత్త బృందం 1996లో తెల్లమచ్చ వైరస్‌కి రెండు దశల పీసీఆర్ పద్ధతిని ప్రచురించింది. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ దాన్నే ప్రమాణంగా తీసుకుంది. మన హేచరీల చుట్టూ పీసీఆర్ ల్యాబులు వెలిసింది ఆ తర్వాతే.

పీసీఆర్ పని పద్ధతి చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1983లో అమెరికాలో కారీ మల్లిస్‌కి తట్టిన ఆలోచన ఇది. పదేళ్లకి నోబెల్ తెచ్చిపెట్టింది. డీఎన్ఏని 95 డిగ్రీల దాకా వేడిచేస్తే దాని రెండు పోగులూ విడిపోతాయి. వేడి తగ్గిస్తే, మనం వేసిన రెండు చిన్న డీఎన్ఏ ముక్కలు తమకి సరిపోయే చోటు వెతుక్కుని అతుక్కుంటాయి. వీటినే ప్రైమర్లు అంటారు. మళ్లీ 72 డిగ్రీలకి పెంచితే ఒక ఎంజైమ్ వచ్చి ప్రైమర్ల మధ్య ఉన్న భాగాన్ని నకలు తీస్తుంది. ఆ ఎంజైమ్ అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో 1960ల్లో దొరికిన బ్యాక్టీరియాది, అందుకే అంత వేడికి చెడిపోదు. ఒక చుట్టుకి ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ముప్పై చుట్లు తిరిగేసరికి లెక్క ప్రకారం ఒక్క ముక్క వంద కోట్లు దాటుతుంది. ప్రైమర్లు అతుక్కునే చోటు లేకపోతే ఏదీ పెరగదు. పరీక్ష మొత్తం ఆ ప్రైమర్ల మీదే నిలబడి ఉంది. తెల్లమచ్చ వైరస్ మొత్తం డీఎన్ఏలో సుమారు 3 లక్షల అక్షరాలుంటే (డీఎన్ఏ పోగులో వరసగా ఉండే గుళ్లనే అక్షరాలంటున్నాను), ఆ తైవాన్ బృందం పరీక్ష మొదటి దశలో అందులో 1,447 అక్షరాల ముక్కని, రెండో దశలో దాని లోపలి 941 అక్షరాల ముక్కని మాత్రమే నకలు తీస్తుంది. మిగతా 2 లక్షల 98 వేల అక్షరాల ఊసే ఎత్తదు.

రెండు దశలు ఎందుకంటే, మొదటి దశలో వచ్చిన నకళ్లనే తీసుకుని ఇంకో జత ప్రైమర్లతో మళ్లీ పెంచితే అతి కొద్దిగా ఉన్న వైరస్ కూడా దొరుకుతుంది. రిపోర్టులో "ఫస్ట్ స్టెప్ పాజిటివ్" అని ఉంటే వైరస్ దండిగా ఉన్నట్టు, "నెస్టెడ్ పాజిటివ్" అని మాత్రమే ఉంటే కొద్దిగా ఉన్నట్టు. ఇప్పుడు వాడుకలోకి వచ్చిన రియల్‌టైమ్ పీసీఆర్‌లో ఈ తేడా అంకెలోనే వస్తుంది. నకళ్లు పెరిగేకొద్దీ ట్యూబులో వెలుగు వస్తుంది, ఎన్నో చుట్టులో ఆ వెలుగు కనిపించిందన్నదే సీటీ విలువ. అంకె చిన్నదైతే క్రిమి ఎక్కువని అర్థం. చుట్టుకి రెట్టింపు అనుకుంటే, సీటీ 20 వచ్చిన రొయ్యలో సీటీ 30 వచ్చిన రొయ్య కన్నా సుమారు వెయ్యి రెట్లు క్రిమి ఉన్నట్టు. రెండింటికీ కాగితం మీద "పాజిటివ్" అనే ఒక్క మాటే రాసి ఇస్తే రైతుకి ఒరిగేదేమీ లేదు. ఒకరు రేపే వల వేసి పట్టుబడి చేసుకోవాలి, ఇంకొకరు నిదానంగా ఆలోచించుకునే వ్యవధి ఉంది.

ఇక అసలు చిక్కులోకి వద్దాం. ప్రైమర్లు దేన్ని వెతుకుతున్నాయి?

మన రైతులు ఈహెచ్‌పీ అని పిలిచే క్రిమి చరిత్ర చూస్తే ఇది తేటపడుతుంది. 2009లో థాయిలాండ్‌లో టైగర్ రొయ్యలో గుర్తించి పేరు పెట్టారు. పూర్తి పేరు ఎంటెరోసైటోజూన్ హెపటోపెనై. ఇది మైక్రోస్పోరిడియా అనే, శిలీంధ్రాలకి దగ్గర చుట్టమైన పరాన్నజీవి. రొయ్య హెచ్‌పీలో, అంటే మన వాళ్లు లివర్ అనే భాగంలో, కణాల లోపల దూరి తిండి సారమంతా అదే తినేస్తుంది. తెల్లమచ్చలాగా చంపదు. రొయ్య తింటూనే ఉంటుంది, మేత ఖర్చవుతూనే ఉంటుంది, కౌంట్, అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య, మాత్రం దిగదు. ఒకే చెరువులో వేలెడు రొయ్యా బొటనవేలంత రొయ్యా కలిసి కనిపిస్తాయి. టైగర్ తర్వాత మన దేశంలోకి వచ్చిన వెనామీ రకం రొయ్యల చెరువుల్లో ఇది ఉన్నట్టు 2016లో శాస్త్రీయంగా నమోదైంది. దీని బీజాలు ఒకటిన్నర మైక్రాన్ ఉంటే ఎక్కువ. మామూలు మైక్రోస్కోపులో చూసి ఇదే అని తేల్చడం కష్టం.

దీనికి మొదట్లో వాడిన పీసీఆర్ ఒక రైబోజోమ్ జన్యువుని వెతికేది. ఆ జన్యువు ప్రతి జీవిలోనూ ఉంటుంది, కణంలో నకళ్లు ఎక్కువ ఉంటాయి, కాబట్టి సులువుగా దొరుకుతుంది. అదే దాని లోపం కూడా. దగ్గరి బంధువుల్లో ఆ జన్యువు దాదాపు ఒకేలా ఉంటుంది. ఊళ్లోకి వెళ్లి ఇంటిపేరు ఒక్కటి చెప్పి మనిషిని అడిగితే, ఆ ఇంటిపేరున్న వాళ్లెవరైనా తలుపు తీసి బయటికి రావొచ్చు కదా, అలాంటిదే ఇది. రొయ్యకి ఏ హానీ చేయని, చేపల్లోనో మరే జీవుల్లోనో ఉండే వేరే మైక్రోస్పోరిడియా కూడా "పాజిటివ్" చూపించేవి. ముఖ్యంగా చెరువు నీళ్లు, మట్టి, పేడ, బ్రూడర్లకి వేసే బతికున్న మేత పరీక్షించినప్పుడు ఈ తప్పు ఎక్కువ. 2016లో థాయిలాండ్ శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకుని, ఈహెచ్‌పీ బీజం పైపొరలో ఉండే ఒక ప్రొటీన్ జన్యువు మీద కొత్త పరీక్ష తయారుచేశారు. కాబట్టి చెరువు మట్టిలో ఈహెచ్‌పీ పాజిటివ్ అని ఎవరైనా చెప్తే, ఏ జన్యువు మీద చేశారని అడగాల్సిందే. మట్టికి సున్నం కొట్టి పీహెచ్ 12 దాకా పెంచాలంటే హెక్టారుకి 6 టన్నుల కాల్చిన సున్నం పోయమని నిపుణులు సిఫార్సు చేస్తారు. ఏ సంబంధమూ లేని క్రిమి కోసం అంత సున్నం పోసుకుంటే ఆ నష్టం ఎవరిది?

ఇంతకన్నా గమ్మత్తైన కథ విబ్రియోలనే బ్యాక్టీరియాలది. చెరువు గట్టున జరిగే చర్చల్లో "గ్రీన్ కాలనీలు ఎక్కువొచ్చాయి", "ఎల్లో పర్లేదు" అనే మాటలు వింటూనే ఉంటాం. బ్యాక్టీరియాలని పెంచే టీసీబీఎస్ అనే పళ్లెంలో నీళ్ల బొట్టు పూస్తే, చక్కెరని పులియబెట్టే విబ్రియోలు పసుప్పచ్చగా, పులియబెట్టలేనివి ఆకుపచ్చగా వస్తాయి. అంతే, ఆ రంగుకి అర్థం చక్కెర తినగలదా లేదా అన్నదే. రొయ్యని చంపుతుందా లేదా అన్న సంగతి ఆ రంగులో లేదు. ఆకుపచ్చ వాటిల్లో విబ్రియో పారాహీమోలిటికస్ ఉంటుంది కాబట్టి భయపడటానికి కారణం ఉంది. కానీ ఆ జాతిలో చాలా భాగం రొయ్య పాలిట సాధువులే.

2009 నుంచి చైనాలో, ఆ తర్వాత వియత్నాం, థాయిలాండ్‌లలో చెరువులు పిల్ల వేసిన నెల రోజుల్లోపే ఖాళీ అవడం మొదలైంది. ఎర్లీ మోర్టాలిటీ అని పేరుపెట్టారు కానీ కారణం ఎవరికీ అంతుపట్టలేదు. పురుగుమందులన్నారు, కొత్త వైరస్ అన్నారు. పీసీఆర్ చేస్తే తెలిసిన వైరస్‌లేవీ లేవు. 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం అది విబ్రియో పారాహీమోలిటికస్ పనే అని తేల్చింది. మరి అంతకు ముందునుంచీ సముద్రంలో, చెరువుల్లో ఉన్న బ్యాక్టీరియా ఒక్కసారిగా హంతకి ఎలా అయింది? జన్యువులు చదివితే జవాబు దొరికింది. హంతక రకాల్లో సుమారు 70 వేల అక్షరాల ప్లాస్మిడ్ ఒకటి ఉంది. ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియా తన అసలు జన్యువుకి వేరుగా మోసే చిన్న డీఎన్ఏ చుట్ట. ఒకదాని నుంచి ఇంకోదానికి అంటించుకోగలదు. దాని మీద పిర్-ఏ, పిర్-బీ అనే రెండు విషపు జన్యువులు ఉన్నాయి. వీటిని పోలినవి పురుగులని చంపే ఫోటోరాబ్డస్ బ్యాక్టీరియాలో అంతకు ముందే తెలుసు. ఈ రెండు విషాలూ కలిసి రొయ్య హెచ్‌పీ కణాలని ఊడగొట్టేస్తాయి.

ఇప్పుడు పరీక్ష దేని మీద చేయాలి? బ్యాక్టీరియా జాతి మీద చేస్తే సాధువూ హంతకీ ఒకటే అనిపిస్తాయి. మొదట 2013 చివర్లో థాయ్, తైవాన్ శాస్త్రవేత్తలు హడావిడిగా ఇచ్చిన రెండు పద్ధతులు ప్లాస్మిడ్‌లోని వేరే భాగాలని వెతికేవి. అవి చాలావరకు పనిచేశాయి కానీ, ప్లాస్మిడ్ ఉండీ విషపు జన్యువులని పోగొట్టుకున్న రకాలకి కూడా పాజిటివ్ చూపేవి. ఆ మరుసటి ఏడాది నేరుగా విషపు జన్యువునే వెతికే పద్ధతి వచ్చాక ఆ తప్పు పోయింది. ఇంకో మలుపు కూడా ఉంది. ఆ ప్లాస్మిడ్ హార్వేయి, క్యాంప్‌బెల్లి, ఓవెన్సి లాంటి వేరే విబ్రియోల్లో కూడా దొరికింది. అంటే పారాహీమోలిటికస్‌నే వెతికే వాళ్లకి ఆ కేసులు దొరకవు, విషాన్ని వెతికే వాళ్లకి దొరుకుతాయి. జబ్బు పేరు బ్యాక్టీరియాది కాదని, విషానిదని ఇక్కడ తేలిపోయింది. పళ్లెంలో ఆకుపచ్చ చుక్కలు లెక్కపెట్టి మందులు కలిపేసే అలవాటు మనకి ఇంకా పోలేదు. ఆ లెక్క బొత్తిగా పనికిరాదని కాదు, నీళ్లలో సేంద్రియ మలినం పెరిగిందనో బ్యాక్టీరియా గుంపు మారిందనో చెప్పగలదు. అంతకు మించి దాని నోట ఏదో వినిపించుకోవడం మన ఊహే.

ప్రైమర్లు సరైనవే అయినా మోసపోయే సందర్భం ఇంకొకటి ఉంది. ఐహెచ్‌హెచ్ఎన్‌వీ అనే వైరస్ రొయ్య మూతి వంకరపోయి, ఎదుగుదల తేడాగా ఉండేట్టు చేస్తుంది. కొన్ని ప్రాంతాల టైగర్ రొయ్యల జన్యువుల్లోనే ఈ వైరస్ ముక్కలు ఎప్పుడో చేరి శాశ్వతంగా ఉండిపోయాయి. తరతరాలుగా పిల్లలకి వస్తున్నాయి. వైరస్ ఒక్కటి కూడా లేని రొయ్య, తన సొంత డీఎన్ఏ వల్లే పాజిటివ్ అవుతుంది. అందుకే ఆ ముక్కల్లో లేని భాగాన్ని వెతికే ప్రైమర్లు వేరేగా తయారుచేయాల్సి వచ్చింది.

ఇక శాంపిల్ సంగతి. నా లెక్కలో మన దగ్గర తప్పుడు నెగెటివ్‌లు పుట్టేది యంత్రంలో కన్నా ఎక్కువగా ఐస్ పెట్టెలోనే.

తెల్లమచ్చ వైరస్ మొప్పల్లో, ఈత కాళ్లలో, పెంకు కింది చర్మంలో, రక్తంలో పెరుగుతుంది. హెచ్‌పీ గొట్టాల లోపలి కణాల జోలికి అంతగా వెళ్లదు. ఈహెచ్‌పీ దీనికి సరిగ్గా తలకిందులు, దాని ఇల్లే హెచ్‌పీ. కాబట్టి ఒకే ఈత కాలు ముక్కతో రెండు పరీక్షలూ చేయించి "రెండూ నెగెటివ్" అని తెచ్చుకుంటే, రెండో మాటకి విలువ లేదు. ఈహెచ్‌పీకి హెచ్‌పీయే కోయాలి, లేదా పేడ తీసుకోవాలి. పేడకి ఒక సుఖం ఉంది. బ్రూడర్‌ని చంపకుండానే పరీక్ష చేయొచ్చు, వేలు పోసి విదేశం నుంచి తెచ్చుకున్న బ్రూడర్‌ని కోయడానికి ఎవరికి చేయొస్తుంది?

రొయ్య కన్ను ఇంకో పేచీ పెడుతుంది. కంటిలో ఉండే పదార్థాలు పీసీఆర్ ఎంజైమ్‌ని పనిచేయనివ్వవు. తలకాయ మొత్తం నూరి వేస్తే వైరస్ ఉన్నా నెగెటివ్ రావొచ్చు. అందుకే కాస్త ఎదిగిన పిల్లలకి కళ్లు తీసేసి పరీక్షించమని ప్రమాణాల్లో ఉంది. మంచి ల్యాబు అయితే ప్రతి శాంపిల్‌లో రొయ్య సొంత జన్యువు ఒకదాన్ని కూడా వెతుకుతుంది. అది కూడా రాకపోతే, ఆ ట్యూబులో పరీక్షే జరగలేదని అర్థం. అలాంటప్పుడు "నెగెటివ్" అని రాయకూడదు, "మళ్లీ శాంపిల్ పంపండి" అని రాయాలి.

నిల్వ కూడా అంతే ముఖ్యం. పీసీఆర్‌కి పంపే ముక్కని 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ దెబ్బతింటుంది. మైక్రోస్కోపు పరీక్షకి పంపేదానికి ఫార్మలిన్ కలిసిన ద్రావణం కావాలి. ఒకే సీసాతో రెండు పనులూ కావు. ఇక కండరాలు తెల్లబడిపోయేట్టు చేసే ఐఎంఎన్‌వీ లాంటి వైరస్‌లకి డీఎన్ఏ ఉండదు, ఆర్ఎన్ఏ ఉంటుంది. ముందు దాన్ని డీఎన్ఏగా తిప్పి రాసి, ఆపైన పీసీఆర్ చేయాలి. ఆ తిప్పిరాసే ఎంజైమ్‌ని 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ వేర్వేరుగా కనిపెట్టారు. ఆర్ఎన్ఏ త్వరగా చెడిపోతుంది. చచ్చి ఎండలో పడున్న రొయ్యని మధ్యాహ్నం ఏరి, సాయంత్రం బస్సులో పంపితే అందులో వెతకడానికి ఏమీ మిగలదు. చావుకి దగ్గరపడి గట్టు వారకి చేరిన బతికున్న రొయ్యే మంచి శాంపిల్.

అన్నిటికన్నా పెద్ద విషయం ఎన్ని రొయ్యలు పరీక్షించారన్నది. ఇక్కడ జీవశాస్త్రం అక్కర్లేదు, పదో తరగతి లెక్క చాలు. వెనామీకి నిబంధనల్లో ఉన్న గరిష్ఠ సాంద్రత చదరపు మీటరుకి 60 పిల్లలు. ఆ లెక్కన ఎకరానికి దాదాపు 2 లక్షల 40 వేలు. అందులో నూటికి రెండింటికి వైరస్ ఉందనుకుందాం, అంటే 4,800 పిల్లలు. మనం 10 పిల్లల్ని తీసి పరీక్షిస్తే, పదీ మంచివే చేతికి వచ్చే అవకాశం 0.98ని పదిసార్లు హెచ్చవేసినంత. దాదాపు 82 శాతం. పరీక్ష నూటికి నూరుపాళ్లు నిఖార్సైనదే అయినా, వంద చెరువుల్లో 82 చెరువులకి నెగెటివ్ కాగితమే వస్తుంది. నూటికి రెండు ఉన్న చోట కనీసం ఒకటి దొరకాలి, 95 శాతం నమ్మకం కావాలి అంటే సుమారు 150 పిల్లలు పరీక్షించాలి. నూటికి అయిదింటికి ఉంటే 60 చాలు, నూటికి పదైతే 30 చాలు, నూటికి ఒకటైతే 300 కావాలి. ఒక్కోదానికి ఒక్కో పరీక్ష అక్కర్లేదు, కొన్నిటిని కలిపి నూరి ఒకే ట్యూబులో చేయొచ్చు. అయితే మరీ ఎక్కువ కలిపితే ఒక్క జబ్బు పిల్లలోని కొద్దిపాటి వైరస్ పల్చబడి తప్పించుకుంటుంది.

జబ్బు పిల్లల్లో కొన్నిటినైనా ఏరడానికి హేచరీల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఒకటుంది. పిల్లలకి కాసేపు ఉప్పదనం మార్చో మరో ఒత్తిడి పెట్టో, నీరసించినవాటిని ఏరి పరీక్షకి ఇస్తారు. యాదృచ్ఛికంగా తీసినవాటికన్నా ఇలా ఏరినవాటిలో జబ్బు దొరికే అవకాశం ఎక్కువ. బ్రూడర్లలోనూ ఇదే సూత్రం. గుడ్లు పెట్టే శ్రమ తర్వాత వైరస్ పెరుగుతుంది కాబట్టి, పెట్టకముందు నెగెటివ్ వచ్చిన తల్లి పెట్టాక పాజిటివ్ రావొచ్చు.

ఎస్‌పీఎఫ్ అనే మాటని కూడా ఈ వెలుగులోనే చూడాలి. 2009లో వెనామీని మన దేశంలోకి అనుమతించినప్పుడు ఎస్‌పీఎఫ్ బ్రూడర్లనే తేవాలని, చెన్నైలో ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించాకే హేచరీలకి ఇవ్వాలని నిబంధన పెట్టారు. మంచి ఏర్పాటే. కానీ ఎస్‌పీఎఫ్ అంటే ఒక జాబితాలో ఉన్న క్రిములు లేవని అర్థం. జాబితాలో లేనిదాన్ని ఎవరూ వెతకలేదు. పైగా చెన్నైలో శుభ్రంగా ఉన్న బ్రూడర్ హేచరీకి వచ్చాక, అక్కడ బతికున్న సముద్రపు పురుగులని మేతగా తింటే ఈహెచ్‌పీ రావొచ్చు. ఎస్‌పీఎఫ్ వాటి పుట్టుక గురించిన మాట. ఈరోజు సంగతి వేరే పరీక్ష చెప్పాలి.

పాజిటివ్ వచ్చినంత మాత్రాన బతికున్న క్రిమి ఉందనుకోవడానికి కూడా లేదు. క్రిమి చచ్చినా దాని డీఎన్ఏ ముక్కలు కొంతకాలం ఉంటాయి. బ్లీచింగ్ కొట్టిన చెరువు నీళ్లలో తెల్లమచ్చ పాజిటివ్ వచ్చిందంటే అది అంటుకునే వైరసో, చచ్చినదాని శిథిలమో పీసీఆర్ చెప్పలేదు. దానికి పాత పద్ధతే దిక్కు. ఆ నీళ్లలో ఆరోగ్యమైన రొయ్యలని వేసి చూడాలి.

మరి ఏ ప్రైమర్ వేయాలో తెలియనప్పుడు? మన జిల్లాల్లో రన్నింగ్ మోర్టాలిటీ అని పిలిచే జబ్బు ఇలాంటిదే. ఒక్కసారిగా అన్నీ చావవు, రోజూ కొన్ని చొప్పున చస్తూనే ఉంటాయి. తెలిసిన వైరస్‌లన్నిటికీ పరీక్ష చేస్తే చాలా చెరువుల్లో ఏదీ రాదు. తెల్లటి పేడ తాళ్లు కనిపించే వైట్ ఫీకల్ జబ్బు విషయంలోనూ అంతే, ఈహెచ్‌పీ ఒక్కటే కారణం కాదని, కొన్ని విబ్రియోలూ కలిస్తేనే ఆ రూపం వస్తుందని ప్రయోగాలు చూపిస్తున్నాయి. ఇలాంటి చోట ప్రశ్న ముందుగా అడగకుండా, శాంపిల్‌లో ఉన్న డీఎన్ఏ మొత్తాన్ని చదివే పద్ధతులు వచ్చాయి. బ్యాక్టీరియాల వరకే అయితే 16ఎస్ అనే రైబోజోమ్ జన్యువుని చదువుతారు. 1977లో కార్ల్ ఊస్, జార్జ్ ఫాక్స్ ఆ జన్యువుతోనే జీవుల వంశవృక్షాన్ని తిరగరాశారు. పళ్లెంలో పెరగని బ్యాక్టీరియాలన్నీ ఇందులో కనిపిస్తాయి. కానీ విబ్రియోల దగ్గరికొచ్చేసరికి ఇది తడబడుతుంది. పారాహీమోలిటికస్, ఆల్జినోలిటికస్, క్యాంప్‌బెల్లి అన్నిటికీ 16ఎస్ దాదాపు ఒకటే. సాధారణంగా చదివే చిన్న ముక్కతో "ఏదో ఒక విబ్రియో" అని మాత్రమే తేలుతుంది. ఇక ప్లాస్మిడ్ మీది విషం దీనికి అసలే కనపడదు. అంతా చదివానని చెప్పే పద్ధతి హంతకిని వదిలేసి వస్తుంది.

శాంపిల్‌లోని డీఎన్ఏ, ఆర్ఎన్ఏ మొత్తాన్నీ వరసబెట్టి చదివే మెటాజీనోమిక్స్ దీనికన్నా బలమైనది. 2014లో చైనాలోని జేజియాంగ్‌లో చనిపోతున్న వెనామీ రొయ్యల్లో తెలిసిన వైరస్‌లేవీ దొరకనప్పుడు, ఇలా చదివి, ఇరిడోవైరస్ కుటుంబానికి చెందిన కొత్త వైరస్‌ని పట్టుకున్నారు. ఇప్పుడు దాన్ని డివ్1 అంటున్నారు. అయితే చదవడంతోనే పని అయిపోలేదు. ఆ వైరస్‌ని ఆరోగ్యమైన రొయ్యల్లోకి ఎక్కించి, అదే జబ్బు వచ్చిందని చూపించాకే కారణమని ఒప్పుకున్నారు. జబ్బు రొయ్యలో ఒక క్రిమి డీఎన్ఏ ఎక్కువగా ఉండటానికి, అదే జబ్బు తెచ్చిందనడానికి మధ్య చాలా దూరం ఉంది. నీరసపడిన రొయ్యలో చేరి విందు చేసుకునే బ్యాక్టీరియాలు బోలెడు. మన దగ్గర రన్నింగ్ మోర్టాలిటీ మీద ఈ రెండో మెట్టు దాకా వెళ్లే పని ఇంకా ఎక్కువ జరగాలి. చెరువుల నుంచి సీక్వెన్సులు తీసి పేపర్లు వేయడం తేలికే, రొయ్యలకి క్రిమిని ఎక్కించి చూసే బయోఅస్సే ట్యాంకుల ముందు కూర్చునే ఓపికే అరుదు.

ఇంకో పక్క పరీక్ష చెరువు గట్టుకి వస్తోంది. 2000లో జపాన్‌లో వచ్చిన ల్యాంప్ పద్ధతికి వేడి పెంచే తగ్గించే యంత్రం అక్కర్లేదు. 60 నుంచి 65 డిగ్రీల నిలకడ వేడి చాలు, గంటలోపు ట్యూబులో రంగు మారుతుంది. తెల్లమచ్చకీ ఈహెచ్‌పీకీ దీంతో కిట్లు తయారయ్యాయి. ఒక జాగ్రత్త అవసరం. ల్యాంప్‌లో నకళ్లు పీసీఆర్ కన్నా విపరీతంగా పుడతాయి. ఫలితం చూశాక కుతూహలంతో ట్యూబు మూత తీస్తే ఆ నకళ్లు గాల్లోకి, బల్ల మీదికి, చేతులకి పాకి, మర్నాడు చేసే ప్రతి పరీక్షనీ పాజిటివ్ చేసేస్తాయి. ల్యాబుల్లో శాంపిల్ నూరే గది, పీసీఆర్ కలిపే గది, ఫలితం చూసే గది వేరువేరుగా ఉండేది ఇందుకే. ప్రతిసారీ ఉత్త నీళ్లతో ఒక ట్యూబు నడిపేదీ ఇందుకే. ఉత్త నీళ్లు పాజిటివ్ అయిన రోజు మిగతా ఫలితాలన్నీ చెత్తబుట్టలోకి వెళ్లాలి.

రిపోర్టు చేతికొచ్చినప్పుడు చూడాల్సినవి ఇంతకీ ఎక్కువ లేవు. ఏ భాగం నుంచి, ఎన్ని రొయ్యల నుంచి శాంపిల్ తీశారు, ఏ జన్యువుని వెతికారు, సీటీ ఎంత లేదా ఏ దశలో వచ్చింది, రొయ్య సొంత జన్యువు వచ్చిందా, ఉత్త నీళ్ల ట్యూబు శుభ్రంగా ఉందా. ఇవి రాయడానికి ల్యాబుకి అదనంగా పైసా ఖర్చు కాదు, అన్నీ వాళ్ల దగ్గర ఉన్న వివరాలే. సీడ్ కొనేటప్పుడు పిల్ల ఎన్నో రోజుదని, ఉప్పదనం ఎంతని, ధరలో పైసా తగ్గుతుందా అని గంటసేపు బేరమాడే రైతు, ఈ ప్రశ్నలకి ఇంకో అయిదు నిమిషాలు కేటాయిస్తే ల్యాబులు వాటంతటవే రాయడం మొదలుపెడతాయి.